కళాశాల విద్యార్థులు – సమాజ సేవ
(పాఠశాల ప్లాటినం ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్లు నిండిన పాఠశాల ఉత్సవంలో గడచిన కాలాన్ని గూర్చి మాట్లాడుకొనుట వాడుక. స్థాపకులను స్మరించుకోవాలి, ఆ పనిని ఇతర వక్తలు సమర్థంగా చేశారు. ఈ ప్రసంగ విషయం మరొకటి. ఈ బడి గడప దాటి కళాశాలలో అడుగిడిన బిడ్డ ఏటేటా సమాజానికి కొంత సేవ చేయవలెనని దేశం ఆశిస్తున్నది. ఆ సేవ ఎట్టిది? దాని ఫలం ఎవరికి దక్కుతున్నది? సోలాపూర్ నేతపేటలకు, ఈ పాఠశాలకు అందులో ఏమి వాటా ఉన్నది? ఈ మూడు ప్రశ్నలనే ఇక్కడ విచారించడం జరుగుతుంది.

చదువుకొనే వయసులో జట్టు కట్టుట సహజం. అమెరికా కళాశాలల్లో విద్యార్థి సోదర సంఘాలు చాలాకాలంగా ఉన్నాయి. వాటికి గ్రీకు అక్షరాల పేర్లు పెట్టుకొనుట అచ్చటి సంప్రదాయం. ఒక్కొక్క సంఘానికి అనేక కళాశాలల్లో శాఖలుంటాయి. వీటిలో ఎక్కువ సంఘాలకు స్నేహం, సహవాసం ప్రధానం. అయితే 1925 డిసెంబరు 16వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లఫాయెట్ కళాశాలలో ఫ్రాంక్ రీడ్ హార్టన్ అనే విద్యార్థి తన మిత్రులతో కలిసి ఆల్ఫా ఫై ఒమేగా అనే సంఘాన్ని నెలకొల్పాడు. నాయకత్వం, స్నేహం, సేవ అనే మూడింటిని ఆ సంఘం మూలసూత్రాలుగా చేసుకొన్నది. ఏటేటా తాము చదివే కళాశాలకు, చుట్టుప్రక్కల ప్రజలకు, దేశానికి ఏదో ఒక సేవ చేయనిదే ఆ సంఘ సభ్యత్వానికి అర్థం లేదన్నది వారి నియమం.

భారతదేశపు కళాశాలల్లో అట్టి సోదర సంఘాలు వేళ్లూనలేదు. వాటి స్థానాన్ని ఇక్కడ జాతీయ సేవా పథకం, అనగా అందరూ ఎన్.ఎస్.ఎస్. అని పిలిచే సంస్థ, భర్తీ చేసింది. దీని వెనుక ఇరువది ఏండ్ల ఆలోచన ఉన్నది. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం విద్యార్థులు స్వచ్ఛందంగా దేశసేవ చేయవలెనని సూచించింది. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ అధ్యక్షతన ఒక సంఘం ఈ విషయాన్ని పరిశీలించింది. ఇతర దేశాల అనుభవాలను అధ్యయనం చేసిన కె.జి. సయ్యిదైన్ అటువంటి సేవ నిర్బంధంగా కాక స్వచ్ఛందంగా ఉంటేనే మేలని అభిప్రాయపడ్డారు. తుదకు మహాత్మాగాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, నాటి కేంద్ర విద్యామంత్రి డాక్టర్ వి.కె.ఆర్.వి. రావు ఈ పథకాన్ని ప్రారంభించారు. అప్పుడు 37 విశ్వవిద్యాలయాలు, 40 వేల మంది విద్యార్థులు. నేడు ఆ సంఖ్య 30 లక్షలకు పైబడింది.

ఎన్.ఎస్.ఎస్. బిళ్ల మీద కోణార్క సూర్యరథ చక్రం ఉంటుంది. దాని ఎనిమిది ఆకులు దినంలోని ఎనిమిది జాములకు గుర్తు. ఏ జామున పిలిచినా సేవకు సిద్ధమని దాని భావం. ‘నేను కాదు, నీవు’ అన్నది ఆ పథకపు ఆదర్శ వాక్యం. ఇక నియమాలు సులభమైనవే. విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేండ్లలో 240 గంటలు సేవ చేయాలి. సాధారణంగా నూరుమంది విద్యార్థులు ఒక దళం. వారికి ఒక అధ్యాపకుడు కార్యక్రమాధికారి. దళంలో సగం మంది దత్తత గ్రామంలోనో, పేటలోనో ఏడు దినాల ప్రత్యేక శిబిరానికి వెళతారు. కళాశాల ఆవరణలో చెట్లు నాటుట, రక్తదాన శిబిరాలు నిర్వహించుట, ఉత్సవాల్లో క్రమశిక్షణ చూచుట, కొత్తగా చేరిన విద్యార్థులకు దారి చూపుట కూడ వారి పనులే.

నూట ఇరువది గంటలంటే విన్నప్పుడు పెద్దగా తోచవచ్చును. దినానికి లెక్క కడితే ఇరువది నిమిషాలు మాత్రమే. అయితే నేతపేటల్లో ఇరువది నిమిషాలకు కూడ వెల ఉన్నది. తండ్రి పవర్‌లూమ్ కార్ఖానాలో, తల్లి ఇంటి గుమ్మంలో బీడీలు చుడుతూ ఉన్న ఇంటిలో, కళాశాలకు పోయే కొడుకో కూతురో తీరిక వేళ కండెలు చుట్టితేనో, తునికాకు కత్తిరించి ఇస్తేనో ఆ పూట కూలి కొంత పెరుగుతుంది. అట్టి ఇంటి బిడ్డ ఒక గంట సమాజానికి ఇచ్చినప్పుడు, ఆ గంటను నిజానికి ఇచ్చినవారు ఆ తల్లిదండ్రులే. సేవా పత్రంలో వారి పేరు వ్రాయరు. ఈ సభలోనైనా ఆ సంగతిని స్మరించుట ధర్మం.

సోలాపూర్‌లో తెలుగువారి కథ కూడ శ్రమ కథే. 1877లో ఇక్కడ వెలసిన మొదటి నూలు మిల్లు, తరువాత ఒకదాని వెంట ఒకటి వచ్చిన మిల్లులు, చేతిమగ్గాలు, పిమ్మట పవర్‌లూములు తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలి కుటుంబాలను రప్పించాయి. సాఖర్‌పేట, భవానీపేట, అశోక్ చౌక్, దత్తనగర్ వంటి చోట్ల తెలుగు మాట నిలిచింది. మార్కండేయ మహర్షి రథోత్సవం నేటికీ నగరమంతటినీ ఏకం చేస్తున్నది. సోలాపూర్ చద్దరు, తువ్వాలు దేశదేశాలకు వెళ్ళాయి. ఆ చద్దరు నేసిన చేతులే పైసా పైసా కూడబెట్టి బడులు కట్టించాయి. పద్మశాలి శిక్షణ సంస్థ ఆధ్వర్యంలో నడుస్తున్న ఏ.ఆర్. బుర్లా మహిళా మహావిద్యాలయం వంటి సంస్థలు ఆడపిల్లల ఉన్నత విద్యకు తలుపులు తెరిచాయి. అనగా ఈ పేటల బిడ్డ నేడు కళాశాలలో కూర్చున్న బల్ల వెనుక తాను ఎన్నడూ చూడని వారి సేవ ఒకటి ఉన్నది. ఆ సేవను అందుకొన్నవారు దానిని తరువాతి వారికి అందించాలి.

విద్యార్థి సేవకు ఈ ప్రాంతంలో గట్టి పరీక్షలే ఎదురైనాయి. 1972లో మహారాష్ట్రను పట్టిన భయంకరమైన కరవులో సోలాపూర్ జిల్లా మిక్కిలి నలిగింది. పథకం పుట్టి నాలుగేండ్లు నిండకముందే, 1973లో, ‘కరవుపై యువజనులు’ అన్న నినాదంతో దేశమంతటా శిబిరాలు జరిగాయి. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున కిల్లారి భూకంపం పొరుగున ఉన్న లాతూరు, ఉస్మానాబాదు జిల్లాల గ్రామాలను నేలమట్టం చేసినప్పుడు సేవ అన్నమాటకు పాఠ్యపుస్తకంలో లేని అర్థం ఏమిటో ఈ ప్రాంతపు యువతరానికి తెలిసివచ్చింది. ఇక ఈ జిల్లాలోనిదే పండరిపురం. ఏటా ఆషాఢ ఏకాదశికి లక్షలాది వార్కరీలు నడచివచ్చే యాత్రామార్గంలో చెత్త ఎత్తుట, త్రాగునీరు అందించుట, దారి చూపుట వంటి పనుల్లో కళాశాల విద్యార్థులు పాల్గొంటున్నారు.

ఆపద వచ్చినప్పుడు పరుగెత్తుట గొప్పదే. కాని ఆపద గడచిన పిమ్మట కూడ నిలిచి ఉండుట అంతకంటె కష్టం. ఈ మాటకు దృష్టాంతం వెదకుటకు దూరం పోనక్కరలేదు. డాక్టర్ ద్వారకానాథ్ కొట్నీస్ 1910 అక్టోబరు 10న ఈ సోలాపూర్‌లోనే జన్మించారు. ముంబయిలో వైద్యం చదివారు. జపాను దండయాత్రకు గురియైన చైనా ప్రజలకు చికిత్స చేయుటకై 1938లో భారత జాతీయ కాంగ్రెసు పంపిన ఐదుగురు వైద్యుల బృందంలో ఆయన ఒకరు. కొందరు పని ముగించుకొని తిరిగివచ్చారు. కొట్నీస్ అక్కడనే ఉండిపోయారు. ఆ దేశపు భాష నేర్చుకొన్నారు, ఆ దేశపు వనితనే వివాహమాడారు, యుద్ధరంగ సమీపంలో ఆసుపత్రి నడిపారు. 1942 డిసెంబరు 9న, ముప్పది రెండేండ్ల వయసులో, అక్కడనే కన్నుమూశారు. ఆయన జన్మించిన ఇల్లు నేడు ఈ నగరంలో స్మారకంగా ఉన్నది. ఆ ఇంటిని చూడబోయిన పిల్లలకు ఆయన సాహసంతోపాటు ఆయన ‘ఉండిపోయిన’ సంగతిని కూడ చెప్పాలి. రోగి భాష నేర్చుకొనువరకు ఓపిక పట్టిన వైద్యుడాయన.

నేటి విద్యార్థి సేవలో లోపించినది సరిగా ఆ గుణమే. ఒక ఆదివారం ఒక వీథికి వెళ్ళి చీపుర్లు పట్టుకొని ఛాయాచిత్రం తీయించుకొనుట, మరుసటి ఏడు మరొక వీథికి పోవుట, గంటల పుస్తకం నింపి ధ్రువపత్రం పుచ్చుకొనుట – దీనినే సేవ అనుకొనే అలవాటు అనేక చోట్ల పాతుకొన్నది. ఆ వీథి మరునాటికి యథాప్రకారం ఉంటుంది. వీథివారికి ఆ విద్యార్థుల పేర్లు తెలియవు, విద్యార్థులకు వీథివారి పేర్లు తెలియవు. గంటలు పూర్తి అయినవి గాని సేవ మొదలు కాలేదు. ఏడు దినాల శిబిరం ఎంత చక్కగా జరిగినా, ఎనిమిదవ దినాన ఆ ఊరి పిల్లవాడు “మళ్ళీ ఎప్పుడు వస్తారు?” అని అడిగితే చెప్పుటకు జవాబు ఉండాలి. విద్యార్థి సేవకు అసలైన కొలత ఆ జవాబే.

మగ్గం ఎరిగినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. నేతలో పోగు తెగినప్పుడు నేతగాడు మగ్గం ఆపి ముడివేస్తాడు. ఆపకుండ సాగితే ఆ లోపం గుడ్డ పొడవునా సాగుతుంది. ముడివేయుట క్షణకాలపు పని. అయితే పోగు తెగిన సంగతిని కనిపెట్టుటకు దినమంతా మగ్గం వద్ద ఉండాలి. ఐదవ తరగతిలో చదువు తప్పిన బాలుని, ఎనిమిదవ తరగతిలో బడి మాన్పించిన బాలికను ఎవరు కనిపెడతారు? ఏడాదికొకసారి వచ్చిపోయేవారు కనిపెట్టలేరు. అదే పేటలో ఉంటూ, అదే బడిలో చదివి, వారం వారం వచ్చే అన్నయ్య, అక్కయ్య కనిపెట్టగలరు.

అట్టి సేవకు ఈ పేటల్లో పని కొరవ లేదు. ఒక ఉదాహరణ చాలును. 1976లో పార్లమెంటు బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం చేసింది. బీడీ కార్మికుల పిల్లల చదువుకు కేంద్ర కార్మిక శాఖ ఉపకార వేతనం ఇస్తున్నది. దానికి తల్లి గుర్తింపు కార్డు, ఆదాయపు పత్రం, బ్యాంకు ఖాతా కావాలి. దరఖాస్తు కంప్యూటరులో నింపాలి. తేదీ దాటితే ఆ ఏడు పోయినట్లే. దినమంతా బీడీలు చుట్టి, సాయంకాలం కట్టలు అప్పగించి, పిమ్మట పొయ్యి వెలిగించే తల్లికి ఆ తేదీ ఎవరు చెప్పాలి? కార్డులో ఒక విధంగా, బడి దాఖలాలో మరొక విధంగా పేరు ఉన్నదని ఎవరు ముందుగా చూచి సరిచేయించాలి? ఒక కళాశాల విద్యార్థిని ఒక సాయంకాలం ఈ బడి వరండాలో కూర్చొని అయిదుగురు తల్లుల దరఖాస్తులు నింపితే, అయిదుగురు బిడ్డలకు ఆ ఏటి పుస్తకాలకు ఆధారం దొరుకుతుంది. దీనిలో ఊరేగింపు లేదు, పూలమాల లేదు. కాని ఇంతటి సేవ వేరొకటి తేలికగా కనబడదు.

రెండవది భాష. తెలుగు మాధ్యమంలో చదివి కళాశాలలో చేరిన పిల్లలకు మొదటి ఏడు గడ్డుకాలం. పాఠం మరాఠీలోనో, ఇంగ్లీషులోనో సాగుతుంది. ప్రశ్న తెలిసినా చెయ్యెత్తుటకు జంకు. తన బడిని తానే చిన్నచూపు చూచుకొనే ప్రమాదం ఆ దశలోనే ఉన్నది. తల్లిదండ్రులు తెలుగు బడి మాన్పించి చిన్నపిల్లలను వేరు మాధ్యమానికి మార్చుట కూడ ఆ జంకును చూచియే. సేవారంగంలో ఆ లోటే బలమై నిలుస్తుంది. సివిల్ ఆసుపత్రిలో వైద్యుడు మరాఠీలో అడిగినది వృద్ధురాలికి తెలుగులో చెప్పి, ఆమె తెలుగులో చెప్పిన బాధను మరాఠీలో వైద్యునికి తెలుపగల విద్యార్థి ఎవరు? మిల్లు దూది ధూళి, పొగాకు ధూళి పీల్చి దగ్గుతున్నవారికి వైద్య శిబిరంలో మందు వేళలు ఇంటి మాటలో చెప్పగలవారు ఎవరు? తెలుగు బడిలో చదివి, మరాఠీ వీథిలో పెరిగి, కళాశాలలో ఇంగ్లీషు నేర్చిన ఈ పేటల బిడ్డయే. ఒక్కసారి అట్లు అక్కరకు వచ్చిన భాషను గూర్చి ఆ బిడ్డ మరల సిగ్గుపడదు. అట్టివారిని చూచిన తల్లిదండ్రులకు కూడ తెలుగు బడిపై నమ్మకం నిలుస్తుంది. ఈ పాఠశాల రాబోవు పాతికేండ్ల మనుగడ ఆ నమ్మకం మీదనే ఆధారపడి ఉన్నది.

మూడవది ఆడపిల్లల విషయం. ఆల్ఫా ఫై ఒమేగా సంఘం స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుటకు 1976 వరకు ఆగింది. భారతదేశంలో జాతీయ సేవా పథకం మొదటినుంచి బాలబాలికలు ఇరువురికీ తెరిచియే ఉన్నది. అయినను ఏడు దినాల శిబిరమనగానే అనేక గృహాల్లో “ఆడపిల్లను పరాయి ఊరికి ఎట్లా పంపుతాము?” అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నలో ప్రేమ ఉన్నది, దానిని కొట్టివేయరాదు. శిబిరం ఎక్కడ, బస ఎట్టిది, వెంట అధ్యాపికలు ఉన్నారా, రాత్రివేళ ఎవరు బాధ్యులు అని తల్లిదండ్రులు నిర్భయంగా అడగాలి. అడుగుట వారి హక్కు. కళాశాలవారు విసుగు చెందక సమాధానం చెప్పాలి. వీలైతే శిబిరం ఒక దినాన తామే వెళ్ళి చూచి రావాలి. సమాధానం తృప్తికరంగా ఉంటే మాత్రం పంపాలి. నలుగురి ఎదుట నిలిచి మాట్లాడుట, అపరిచితుల ఇంట కూర్చొని వారి కష్టం వినుట, యాభైమందికి వంట ఏర్పాటు చూచుట, లెక్క అప్పజెప్పుట – ఇవన్నీ నేర్పే పాఠ్యపుస్తకం ఏదీ లేదు. ఆ ఏడు దినాలే ఆ పుస్తకం.

నగరం కూడ పెరుగుతున్నది. 2006లో కుంభారి గ్రామం వద్ద బీడీ కార్మిక స్త్రీల కొరకు గోదూతాయి పరులేకర్ పేరిట పదివేల గృహాల కాలనీ ఏర్పడింది. 2024 జనవరి 19న ఆ ప్రాంతంలోనే రేనగర్‌లో 15 వేల గృహాలు అసంఘటిత కార్మికులకు అప్పగింపబడ్డాయి. పాత పేటల నుంచి అచ్చటికి తరలిన కుటుంబాల్లో ఈ బడిలో చదివినవారు కూడ ఉండవచ్చును. ఇల్లు దొరికింది, బడికి మాత్రం దూరం పెరిగింది. కొత్త కాలనీలో సాయంకాలపు చదువు ఎవరు చెప్పాలి, చిన్నపిల్లలను బస్సు వరకు ఎవరు నడిపించాలి అన్న ప్రశ్నలు దళాల ఎదుట ఉన్నాయి. దత్తత గ్రామం కొరకు ఎక్కడెక్కడో వెదకనక్కరలేదు.

కావున ఈ ఉత్సవ సందర్భంలో మూడు వర్గాల వారికి మూడు విన్నపములు.

ఉపాధ్యాయులు తమ పూర్వ విద్యార్థులు ఏ ఏ కళాశాలల్లో ఉన్నారో ఒక పట్టిక సిద్ధం చేయాలి. ఆయా కళాశాలల కార్యక్రమాధికారులను కలిసి, ఈ పాఠశాలను, ఈ పేటలను ఏటేటా విడువకుండ సేవాక్షేత్రంగా ఉంచుకొనవలెనని కోరాలి. ఏ తరగతిలో ఎవరికి ఏ సాయం కావాలో ముందుగా తెలుపుట కూడ ఉపాధ్యాయుల విధి. పని చూపనివారు పనివారిని నిందింపరాదు.

తల్లిదండ్రులు దినానికి ఇరువది నిమిషాలను బిడ్డకు విడిచిపెట్టాలి. ఆ నిమిషాల వెల ఎంతో ఈ సభకు తెలియును. అయినను ఆ గంటల్లో బిడ్డ నేర్చుకొనే ఓర్పు, మాటతీరు, పదిమందిలో నడవడి రేపటి ఉద్యోగంలోను, సంసారంలోను ఉపకరిస్తాయి.

ఇక పూర్వ విద్యార్థులు. ధ్రువపత్రం పుచ్చుకొనుట తప్పు కాదు. న్యాయంగా సంపాదించిన పత్రం ఎక్కడనైనా గౌరవం తెస్తుంది. అయితే పత్రం చేతికి వచ్చిన మరుసటి ఏడు కూడ అదే వరండాకు, అదే పిల్లల వద్దకు వచ్చినవారే ఈ బడికి నిజమైన ఆస్తి. ఒక్కొక్కరు ఒక్క బిడ్డను పదవ తరగతి దాటించు వరకు చేయి విడువకుండ ఉంటే చాలును. ఆ బిడ్డ కళాశాలలో చేరిన ఏడు మరొక బిడ్డ చేయి పట్టుకొంటుంది. తాతలు కూలి డబ్బులో మిగిల్చి కట్టిన బడికి మనుమలు చెల్లించగల ఋణం ఇది.